విదేశీ విశ్వవిద్యాలయంలో స్వల్పకాల పరిశోధన శిక్షణ: మన సన్నాహం



ఈ.సి.ఐ.ఎల్. చౌరస్తా మీదుగా కళాశాలకు వచ్చే మీరందరూ ఏ.ఎస్. రావు నగర్ అనే పేరును బస్సులపైన, దుకాణాల బోర్డులపైన దినమూ చదువుతూనే ఉంటారు. ఆ పేరు ఎవరిదని ఈ సంవత్సరం మేము తరగతులలో ప్రశ్నించగా సమాధానం చెప్పినవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది. డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడనే కొంతకాలం అధ్యాపకులుగా పనిచేసి, 1946లో టాటా విద్యార్థి వేతనంపై అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి విద్యుత్ ఇంజనీరింగులో ఉన్నతవిద్య అభ్యసించారు. స్వదేశానికి తిరిగివచ్చి హోమీ భాభా నాయకత్వంలో అణుశక్తి రంగానికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాల నిర్మాణానికి పాటుపడ్డారు. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడినప్పుడు దానికి మూలపురుషులైనారు. ఒక్క వ్యక్తి విదేశాలలో నేర్చిన విద్య స్వదేశానికి తిరిగివచ్చినందువలన మన కాప్రా పరిసరాల రూపమే మారిపోయినది. మన విద్యార్థుల తల్లిదండ్రులలో ఎందరికో ఆ కర్మాగారమే జీవనాధారమైనది.

ఈ వ్యాసం వ్రాయుటకు ఒక కారణం ఉన్నది. విదేశీ విశ్వవిద్యాలయాలు కళాశాల విద్యార్థులను రెండు మూడు నెలలపాటు తమ పరిశోధనశాలలలో పనిచేయుటకు ఆహ్వానించే పథకాలు నేడు అనేకం ఉన్నవి. వీటినే ఇంటర్న్‌షిప్పులని పిలుస్తున్నారు. ఆ ప్రకటనలు మన నోటీసు బోర్డుపైకి ఎక్కినప్పుడు విద్యార్థులలో రెండు విధాల భావాలు కనబడుతున్నవి. కొందరు, ఇది ఐ.ఐ.టి. వారికే గాని మనవంటి చిన్న కళాశాలవారికి కాదని తలవంచుకొని పోతారు. మరికొందరు, ఎట్లాగైనా ఒక సర్టిఫికెట్టు సంపాదించినచో చాలునని ఒకే ఉత్తరాన్ని రెండువందలమంది ఆచార్యులకు పంపుతారు. ఈ రెండు భావాలూ పొరపాటే. స్వల్పకాల శిక్షణకు సన్నాహం విమానం టికెట్టుతో ఆరంభం కాదు. మన ఊరిలో, మన ప్రయోగశాలలో, మన నోటు పుస్తకంలో ఆరంభమవుతుంది. అట్లు చేసిన సన్నాహం, ఎంపిక కాకపోయినప్పటికీ వ్యర్థం కాదు. ఈ పాఠంలో మేము చెప్పదలచిన ముఖ్యాంశం ఇదే.

మనకంటె ముందు నడచినవారు

ముందుగా మన సికింద్రాబాదు చరిత్రలోని ఒక ఘట్టాన్ని స్మరించుదాము. సైన్యంలో వైద్యుడైన రొనాల్డ్ రాస్ 1894లో సెలవుపై లండను వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఆయనకు రక్తంలోని మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూపించినాడు. ఆ పరిచయం చిన్నదే. కాని ఆ తరువాత రాస్ భారతదేశం నుండి మాన్సనుకు ఎడతెగక ఉత్తరాలు వ్రాసినాడు; మాన్సన్ లండను నుండి సలహాలు పంపినాడు. నేడు మనం దూరమార్గదర్శనం అని చెప్పుకొనేది ఆనాడు ఓడ టపాలో నడిచినది. హుసేన్ ఖాన్ అనే రోగి దోమలచేత కుట్టించుకొనుటకు అంగీకరించి, దోమకు ఒక అణా చొప్పున ప్రతిఫలం పొందినాడు. ఆ దోమలను కోసి పరీక్షించగా 1897 ఆగస్టు 20న బేగంపేటలో రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది. ఆ భవనం నేటికీ బేగంపేటలో ఉన్నది.

ఇందులో ఒక సూక్ష్మాన్ని గమనించవలెను. చనిపోయిన దోమలు పడిన నీటిని త్రాగుటవలన మనుష్యులకు వ్యాధి వచ్చునని మాన్సన్ భావించినాడు. ఆ భావన సరికాదని తరువాత తేలినది. గురువు ఊహ తప్పు కావచ్చును గాని, తేదీ వేసి వ్రాసిపెట్టిన పరిశీలన నిలిచి ఉంటుంది.

రెండవ ఉదాహరణ మన భాషలకు సంబంధించినది. ఉర్దూ మాధ్యమంలో బోధన ప్రారంభించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో స్థాపించబడినది. ఆ మాధ్యమంలో గణితం చదివిన హైదరాబాదు విద్యార్థి మొహమ్మద్ రజీయుద్దీన్ సిద్దీఖీ విద్యార్థి వేతనంపై కేంబ్రిడ్జికి, అటుపిమ్మట జర్మనీలోని లైప్‌జిగ్‌కు వెళ్లి, క్వాంటం సిద్ధాంత నిర్మాతలలో ఒకరైన హైజెన్‌బర్గ్ ఉన్న విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందినాడు. తిరిగివచ్చి ఉస్మానియాలో గణితాచార్యుడైనాడు. దేశ విభజనానంతరం పాకిస్తానుకు వెళ్లి ఇస్లామాబాదు విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయినాడు. ఉర్దూ మాధ్యమంలోనో, తెలుగు మాధ్యమంలోనో చదివినందువలన తమకు పరిశోధన అందదని క్రుంగిపోయే విద్యార్థులు ఈ పేరును గుర్తుంచుకొనవలెను. విషయం తల్లిభాషలో స్పష్టంగా అర్థమైనవానికి మరొక భాషలో దానిని చెప్పుట శ్రమతో అలవడే పని. విషయమే అర్థం కానివానికి ఏ భాష అయినా ఒక్కటే.

మూడవవారు భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుచుండగా ఖద్దరు ధరించినందువలన ఆచార్యుల ఆగ్రహానికి గురియై ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే బయటికి వచ్చినారు. 1923లో హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్లినప్పుడు ప్రయాణానికి మామగారి సహాయము, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయము తోడైనవి. అక్కడ తిండికొరకు ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న కొలువు చేసినారు. 1925లో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి, శరీర ద్రవాలలోని భాస్వరాన్ని రంగు గాఢతనుబట్టి కొలిచే పద్ధతిని ప్రకటించినారు. జీవరసాయనశాస్త్ర విద్యార్థులు నేటికీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి పేరును పాఠంలో చదువుచున్నారు. గొప్ప సిద్ధాంతంకంటె ముందు ఆయనకు పేరు తెచ్చినది ఒక కొలత. నమ్మదగిన కొలత చేయగల చేతికి ప్రపంచంలోని ఏ పరిశోధనశాలలోనైనా చోటు దొరుకుతుంది.

వీరు వెళ్లినది రెండు మూడు నెలలకు కాదు, సంవత్సరాలకు. ఆ తేడాను మేము మరువలేదు. అయినను ఉత్తరం వ్రాయుట, భాషాభయాన్ని జయించుట, కొలతను శుద్ధిగా చేయుట అనే మూడు గుణాలు స్వల్పకాల శిక్షణకు మరింత అవసరం. కాలం తక్కువైనప్పుడు అక్కడికి పోయిన తరువాత నేర్చుకుందామను వీలు ఉండదు.

మొదటి పరిశోధన కాప్రా చెరువు గట్టున

పరిశోధన అనగా ఏమో తెలియని విద్యార్థి పరిశోధన శిక్షణకు దరఖాస్తు చేయుట ఈత రానివాడు పందెంలో పేరు ఇచ్చినట్లే. అందువలన మా మొదటి సలహా ఇది. ఎనిమిది వారాలపాటు ఇక్కడనే ఒక చిన్న పరిశోధన చేయండి. విషయం కొరకు దూరం పోనక్కరలేదు. మన కాప్రా చెరువు ఉన్నది. చుట్టూ పెరిగిన కాలనీల మురుగు దానిలో చేరుచున్నదని అందరూ అంటారు. అనుట వేరు, కొలుచుట వేరు.

చెరువు నీటిలో కరిగియున్న ఆక్సిజనును కొలవండి. దీనికి వింక్లర్ పద్ధతి మన రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఉన్న సామగ్రితోనే సాధ్యమవుతుంది. గాలి బుడగ చేరకుండ సీసాను నీటితో నింపి, అందులో మాంగనస్ సల్ఫేటు ద్రావణాన్ని, పిమ్మట క్షారం కలిసిన అయొడైడు ద్రావణాన్ని నీటిమట్టం క్రిందికి వదలవలెను. ఆక్సిజను ఉన్నచో గోధుమరంగు అవక్షేపం ఏర్పడుతుంది. పిమ్మట సల్ఫ్యూరిక్ ఆమ్లం చేర్చగా అయొడిను విడుదలై ద్రావణం పసుపురంగు పొందుతుంది. దానిని సోడియం థయోసల్ఫేటుతో అంశమాపనం చేసి, చివరలో గంజి ద్రావణం వేసి, నీలిరంగు పోయే బిందువును పట్టుకొనవలెను. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద శుభ్రమైన నీరు లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజనును ఇముడ్చుకొంటుంది. అది 4 లేక 5 మిల్లీగ్రాములకంటె తగ్గినచో అనేక జాతుల చేపలకు కష్టకాలం. గాఢ ఆమ్లము, క్షారము వాడవలసి ఉన్నందున అధ్యాపకులు ప్రక్కన లేకుండ ఈ పని చేయరాదు.

చెరువుకు మూడు చోట్ల, వారానికి ఒక దినం, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఎనిమిది వారాలు కొలిచినచో మొత్తం 48 కొలతలు అవుతవి. మధ్యాహ్నం అంకెలు ఎక్కువగాను, తెల్లవారుజామున తక్కువగాను రావచ్చును. పగలు నాచు కిరణజన్య సంయోగక్రియ జరిపి ఆక్సిజనును విడుదల చేయుట, రాత్రి చెరువులోని జీవరాశి అంతా దానిని వినియోగించుట ఇందుకు కారణం. ఒక్క మధ్యాహ్నపు కొలతనే చూచి చెరువు ఆరోగ్యంగా ఉన్నదని చెప్పినవాడు పొరబడతాడు. ఎప్పుడు కొలిచినామన్నది ఎంత కొలిచినామన్న దానితో సమానంగా ముఖ్యమని ఈ చిన్న పనియే బోధిస్తుంది.

మా అనుభవంలోని ఒక పొరపాటును దాచక చెప్పుచున్నాము. తొలిసారి ఈ పనికి పూనుకొన్నప్పుడు సీసాలను చెరువు వద్ద నింపి, రసాయనాలు మాత్రం కళాశాలకు వచ్చిన తరువాత, భోజన విరామం గడచిన పిమ్మట కలిపినాము. అంకెలన్నీ దాదాపు ఒక్కటిగా వచ్చినవి. పని చక్కగా కుదిరినదని సంతోషించినాము కూడా. సీసాలోని సూక్ష్మజీవులు ఆ మూడు గంటలలోనూ ఆక్సిజనును వాడుకొనుచునే ఉండునని, అవక్షేపాన్ని చెరువు గట్టుననే ఏర్పరచవలెనని తరువాత గ్రహించినాము. ఆ వారం అంకెలను కొట్టివేయలేదు. వాటి ప్రక్కన కారణం వ్రాసి, తేదీ వేసి, అట్లే ఉంచినాము. ఒక విద్యార్థిని తరువాత ఒక జాతీయ సంస్థలో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఆ పుటనే తెరచి చూపించినది. మిగిలిన 47 పుటలకంటె ఆ ఒక్క పుట గురించే ఎక్కువ ప్రశ్నలు అడిగినారట.

నోటు పుస్తకానికి నియమాలు నాలుగు. సిరాతో వ్రాయవలెను. ప్రతి పుటపై తేదీ, సమయం ఉండవలెను. పుట చింపరాదు. తప్పును ఒక్క గీతతో కొట్టివేయవలెను గాని, చదువరాకుండ చెరిపివేయరాదు. సాహిత్య, చరిత్ర, వాణిజ్య విద్యార్థులకు కూడా ఇవే నియమాలు వర్తిస్తవి. మౌలాలి దర్గా పరిసరాలలోని వృద్ధుల నోటి చరిత్రను సేకరించువారు ఎవరితో, ఎప్పుడు, ఎవరి సమక్షంలో మాట్లాడినారో వ్రాసుకొనవలెను.

అవకాశాలు ఎక్కడ

విదేశానికి ముందు స్వదేశాన్ని చూడండి. మన దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి విద్యార్థులకు, అధ్యాపకులకు కూడా వేసవిలో రెండు నెలల పరిశోధన శిక్షణను ఏర్పాటు చేస్తూ వచ్చినవి. తార్నాక, హబ్సిగూడ వైపు సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి., గచ్చిబౌలి వైపు హైదరాబాదు విశ్వవిద్యాలయం మనకు బస్సు దూరంలోనే ఉన్నవి. ఇక్కడ రెండు నెలలు పనిచేసి ఒక శాస్త్రజ్ఞుని నమ్మకం పొందిన విద్యార్థి దరఖాస్తుకు విదేశంలో విలువ పెరుగుతుంది.

విదేశాలలో జపానులోని ఒకినావా విజ్ఞాన సాంకేతిక సంస్థ, సౌదీ అరేబియాలోని కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయం, జెనీవా వద్దనున్న సెర్న్ వంటివి అన్ని దేశాల విద్యార్థులకు ఇట్టి శిక్షణలను నడుపుతూ, వసతి లేక జీవనభృతి ఇచ్చుట ప్రసిద్ధం. కొన్ని దేశాల పథకాలు మాత్రం నిర్ణీత సంస్థల విద్యార్థులకే పరిమితమై ఉంటవి. కావున ఆయా సంవత్సరపు ప్రకటనను మూలంలోనే చదవవలెను. స్నేహితుడు చెప్పిన మాటపై ఆధారపడరాదు. వేసవి శిక్షణల గడువులు అంతకుముందు సెప్టెంబరు, జనవరి నెలల మధ్యనే ముగియుట సాధారణం. ఏప్రిల్‌లో మేల్కొన్నవారికి ఆ సంవత్సరం గడచిపోయినట్లే. ద్వితీయ సంవత్సరం ఆరంభంలోనే పని మొదలుపెట్టవలెను.

ఒక హెచ్చరిక కూడా అవసరం. డబ్బు కట్టించుకొని విదేశీ విశ్వవిద్యాలయంలో ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామను దళారులు తిరుగుచున్నారు. కొన్ని విశ్వవిద్యాలయాలు అతిథి విద్యార్థి నుండి రుసుము తీసుకొనుట నిజమే. ఆ రుసుము విశ్వవిద్యాలయానికే చెల్లించవలెను గాని, మధ్యవర్తి చేతికి కాదు. ఆహ్వానపత్రంపై ఉన్న ఆచార్యుని పేరు ఆ విశ్వవిద్యాలయపు జాబితాలో ఉన్నదో లేదో మీరే చూచుకొనండి.

ఆచార్యునికి ఉత్తరం

పథకాల ద్వారానే గాక, నేరుగా ఆచార్యునికి ఉత్తరం వ్రాసి అనుమతి పొందుట కూడా కలదు. ఇక్కడనే మనవారు ఎక్కువగా జారిపడుతున్నారు. "గౌరవనీయులైన అయ్యా, తమ మహోన్నత పరిశోధనలకు ముగ్ధుడనైతిని, ఏ విషయంలోనైనను పనిచేయుటకు సిద్ధము" అని వ్రాసిన ఉత్తరం ఎవరికైనా పంపవచ్చును. ఎవరికైనా పంపదగిన ఉత్తరాన్ని ఎవరూ చదవరు.

మంచి ఉత్తరం ఒక పుట దాటదు. అందులో నాలుగు విషయాలు ఉండవలెను. మీరెవరు, ఏమి చదువుతున్నారు అన్నది రెండు వాక్యాలలో. ఆ ఆచార్యుని ఒక వ్యాసాన్ని మీరు నిజముగా చదివినట్లు తెలిపే ఒక ప్రశ్న. మీరు స్వయంగా చేసిన ఒక పని, దానిలో వచ్చిన ఫలితం. ఎన్ని వారాలు, ఏ నెలల్లో రాగలరు, ఖర్చుల ఏర్పాటు ఏమిటి అన్నది. "తెల్లవారుజామున, మధ్యాహ్నం కొలతలలో ఇంత తేడా వచ్చినది, మీ వ్యాసంలో సరస్సు అడుగు నీటిని వేరుగా కొలిచినారు, మా లోతులేని చెరువులో అది అవసరమా?" అని అడిగిన విద్యార్థికి జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. పది ఉత్తరాలు, ప్రతిదానికి ఒక సాయంకాలం చొప్పున వ్రాయండి. జవాబు రానిచో రెండు వారాల పిమ్మట ఒక్కసారి మర్యాదగా జ్ఞాపకం చేయండి. అప్పటికీ రాకున్న దానిని అవమానంగా భావింపక మరొకరికి వ్రాయండి.

సిఫారసు లేఖల విషయంలో తప్పు మాది కూడా ఉన్నది. "ఇతడు బుద్ధిమంతుడు, క్రమశిక్షణ గలవాడు" అని ఒకే మాటలతో ఎందరికో మేము సంతకాలు చేసియున్నాము. అటువంటి లేఖ విద్యార్థికి మేలు చేయదు. ఏ పని చేసినాడు, ఎక్కడ చిక్కుకొన్నాడు, ఎట్లు బయటపడినాడు అని వ్రాసినదే లేఖ. అది వ్రాయవలెనన్న మీరు మాకు కనబడి ఉండవలెను. గడువుకు ముందు దినం సాయంత్రం వచ్చి సంతకం అడిగిన విద్యార్థికి మేమేమి వ్రాయగలము? ఉస్తాదుకు, షాగిర్దుకు నడుమ కనీసం ఒక సంవత్సరపు పరిచయం ఉండవలెను.

పేరులో ఏమున్నది?

మన విద్యార్థులకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉన్నది. ఎస్.ఎస్.సి. మెమోలో "ఎం.డి." అని, ఆధార్‌లో "మొహమ్మద్" అని, కళాశాల రికార్డులో "మొహ్‌డ్" అని ఒకే విద్యార్థి పేరు మూడు విధాలుగా ఉంటుంది. తెలుగు విద్యార్థులకు ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట ఒంటి అక్షరంగా ఉంటుంది. వివాహమైన విద్యార్థినులకు పేరు మార్పు తోడవుతుంది. ఇక్కడ ఎవరికీ ఇబ్బంది కనబడదు. వీసా దరఖాస్తులో మాత్రం ఇది పెద్ద అడ్డంకి కాగలదు.

పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు, స్వంతపేరు అని రెండు వేరు గడులు ఉంటవి. ఇంటిపేరు గడిని ఖాళీగా విడిచినచో, అమెరికా వీసాపై మొత్తం పేరు ఇంటిపేరు స్థానంలో చేరి, స్వంతపేరు స్థానంలో తెలియదను అర్థమిచ్చే "ఎఫ్.ఎన్.యు." అనే మూడు అక్షరాలు పడుట మామూలు. అక్కడ బ్యాంకులో, గుర్తింపు కార్డుపై ఆ మూడక్షరాలే మీ పేరై కూర్చుంటవి. కనుక ముందుగా ఎస్.ఎస్.సి. మెమో, ఆధార్, పాస్‌పోర్టు, కళాశాల రికార్డు ఈ నాలుగింటినీ బల్లపై పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా ఉన్నచో సవరణకు నెలలు పట్టవచ్చును. అందుకే ఆహ్వానం వచ్చువరకు ఆగక, ద్వితీయ సంవత్సరంలోనే పాస్‌పోర్టు తీసుకొనవలెను. ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం మన సికింద్రాబాదులోనే ఉన్నది. పద్దెనిమిది ఏండ్లు నిండినవారి పాస్‌పోర్టు పది సంవత్సరాలు చెల్లుతుంది.

వీసా ప్రతి దేశానికీ వేరు. ఉమ్మడి సూత్రం ఒక్కటే: పరిశోధనశాలలో పనిచేయుటకు పోవువారు యాత్రికుల వీసాపై పోరాదు. అమెరికాకు జె-1 తరగతి వీసాపై పోవువారికి ఆహ్వానించిన సంస్థ డి.ఎస్.-2019 అనే పత్రాన్ని పంపించవలెను. అది చేతికి వచ్చిన తరువాతనే ఇంటర్వ్యూ. అమెరికా కాన్సలేటు 2008 నుండి బేగంపేటలోని పైగా ప్యాలెసులో ఉండి, 2023లో నానక్‌రామ్‌గూడకు మారినది. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు సరళమైనవే: ఏ పని చేయబోతున్నారు, ఖర్చు ఎవరిది, తిరిగివచ్చి ఏమి చేస్తారు. ఈ మూడింటికి నిజమైన సమాధానం ఉన్నవారు కంఠస్థం చేయనక్కరలేదు.

ధనం, ఇంటివారి అనుమతి

ధనం సంగతి దాచుకొని మాట్లాడుట మేలు కాదు. విమానపు ఛార్జీ, వీసా రుసుము, ఆరోగ్య బీమా, గది అడ్వాన్సు, మొదటి నెల తిండి, ఈ అయిదింటికి ముందుగానే లెక్క వేయవలెను. భృతి ఇచ్చే సంస్థలలో సైతం మొదటి మొత్తం చేతికి వచ్చుటకు కొన్ని వారాలు పట్టవచ్చును. కనుక ఒక నెల ఖర్చు చేతిలో ఉండవలెను. ఇది లేనివారు వసతి, ఛార్జీలు ముందే భరించే పథకాలకు మాత్రమే దరఖాస్తు చేయుట వివేకం. మూడు నెలల శిక్షణకొరకు ఇల్లు, నగలు తాకట్టు పెట్టవలసిన పని లేదని తల్లిదండ్రులకు కూడా మేము మనవి చేస్తున్నాము.

ప్రభుత్వ పథకాల గురించి కూడా అపోహలు ఉన్నవి. తెలంగాణ ప్రభుత్వం 2015లో ఆరంభించిన మైనారిటీల విదేశీ విద్యా పథకం స్నాతకోత్తర, డాక్టరేటు చదువులకు ఉద్దేశించినది. స్వల్పకాల శిక్షణకు కాదు. కేంద్ర ప్రభుత్వపు మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్, విదేశీ విద్యాఋణాలపై వడ్డీ రాయితీ ఇచ్చిన పఢో పర్‌దేశ్ పథకం 2022లో నిలిపివేయబడినవి. లేని పథకాలపై ఆశ పెట్టుకొని గడువు పోగొట్టుకొనరాదు.

విద్యార్థినుల విషయంలో ఇంటి అనుమతి వీసాకంటె కఠినమైన మెట్టు. చివరి దినం చెప్పినచో భయమే సమాధానంగా వస్తుంది. మొదటినుండి అమ్మను, నాన్నను, అమ్మీ అబ్బాను కళాశాలకు పిలుచుకొనిరండి. ఆచార్యుని పేరు, వసతిగృహం చిరునామా, ఇతర విద్యార్థినుల వివరాలు, ప్రతి ఆదివారం మాట్లాడే వేళ, అన్నీ కాగితంపై వ్రాసి వారి చేతికి ఇవ్వండి. కాగితంపై కనబడిన విషయం భయాన్ని సగానికి తగ్గిస్తుంది. వేసవిలో పోవువారు బక్రీదునో, బోనాలనో ఇంటికి దూరంగా గడపవలసి రావచ్చును. హలాల్ భోజనము, శాకాహారము ఎక్కడ దొరుకునో ముందే విచారించండి. అన్నం, పప్పు, ఒక కూర వండుకొనుట మగపిల్లలు కూడా ఇక్కడనే నేర్చుకొనిపోవలెను.

పరిశోధనశాలలో నడవడి

మనవద్ద పెద్దల ఎదుట మౌనం మర్యాద. అక్కడ మౌనానికి అర్థమైనదని అర్థం. "నాకు ఇది తెలియలేదు, మరల చూపించగలరా" అని మొదటి వారంలో అడిగినవాడు తెలివిగలవాడు. ఆరవ వారంలో అడిగినవాడు కాలాన్ని పోగొట్టినవాడు. కొన్ని దేశాలలో ఆచార్యుని పేరుపెట్టి పిలుచుట వాడుక. అది అగౌరవం కాదు. వేళకు రాకుండుట, చెప్పకుండ మానుట, పరికరం పాడైనప్పుడు దాచుట, ఇవి అక్కడ అగౌరవాలు. ఆశించిన అంకె రాలేదని అంకెను దిద్దుట అన్నిటికంటె పెద్ద దోషం. అక్కడ సేకరించిన సమాచారం ఆ పరిశోధనశాలకు చెందినది. అనుమతి లేకుండ ఇంటికి తెచ్చుకొనరాదు. బయలుదేరే ముందు మీరు చేసిన పనిని మీ తరువాత వచ్చేవారు కొనసాగించగలిగేటట్లు ఒక నివేదిక వ్రాసి ఇచ్చి రండి.

కళాశాల కమిటీవారికి మనవి

విద్యార్థి శ్రమ ఒక్కటే చాలదు. కమిటీ పెద్దల ఎదుట మూడు కోరికలు ఉంచుచున్నాము. ప్రథమ సంవత్సరంలో చేరిన ప్రతి విద్యార్థి పత్రాలలోని పేర్లను సరిపోల్చి, సవరణకు తోడ్పడే ఒక బల్లను కార్యాలయంలో ఏర్పాటు చేయవలెను. దీనికి ధనం అక్కరలేదు, ఓర్పు చాలును. పాస్‌పోర్టు, వీసా రుసుములకు వడ్డీ లేని అప్పు ఇచ్చి, భృతి వచ్చిన తరువాత తిరిగి తీసుకొనే చిన్న నిధి ఉండవలెను. సుబ్బారావు గారికి ఒక ధర్మసంస్థ చేసినది అదే కదా. శనివారం సాయంత్రాలలో ప్రయోగశాల తెరచి ఉంచవలెను. చెరువు నీటి కొలత పాఠ్యప్రణాళికలో లేకపోవచ్చును గాని, పరిశోధనకు తలుపు అదే.

తిరిగివచ్చిన విద్యార్థులకు కూడా ఒక కోరిక. మీ అనుభవాన్ని తెలుగులోనో, ఉర్దూలోనో ఈ పత్రికలో వ్రాయండి. ఎంత ఖర్చయినదో, ఎక్కడ తడబడినారో దాచక వ్రాయండి. మీ వెనుక వచ్చే చెల్లెలికి, తమ్మునికి అది మా ఈ వ్యాసంకంటె ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఎంపికైనవారు పోయి వస్తారు. ఎంపిక కానివారి వద్ద ఏమి మిగులుతుంది? సరిదిద్దిన పేరు, చేతిలో పాస్‌పోర్టు, శుద్ధిగా వ్రాయనేర్చిన ఒక ఉత్తరం, తేదీలతో నిండిన ఒక నోటు పుస్తకం, తన ఊరి చెరువు గురించి మరెవరికీ తెలియని 48 అంకెలు. వీటిని నష్టమని మేము అనలేము.

అభ్యాసం

1. మీ ఎస్.ఎస్.సి. మెమో, ఆధార్, కళాశాల గుర్తింపు కార్డు పోల్చి, పేరులోని తేడాలను వ్రాయండి.
2. చెరువులో కరిగిన ఆక్సిజను తెల్లవారుజామున తక్కువగా ఉండుటకు కారణమేమి? అవక్షేపాన్ని చెరువు గట్టుననే ఎందుకు ఏర్పరచవలెను?
3. మాన్సన్ ఊహ తప్పినను రాస్ పరిశీలన ఎందుకు నిలిచినది? పది వాక్యాలలో చర్చించండి.
4. మీ శాస్త్రంలో ఒక ఆచార్యుని ఒక వ్యాసాన్ని చదివి, ఆయనకు వేయదగిన ఒక్క ప్రశ్నను తెలుగులోనో, ఉర్దూలోనో మొదట వ్రాసి, పిమ్మట ఆంగ్లంలోనికి మార్చండి.